ముడి కర్ర నుంచి విల్లు చేయడం ఎలా?

చెక్క విల్లు విరిగిందంటే సాధారణంగా రెండిట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. వీపు వైపు నార ఎక్కడో తెగి ఉంటుంది, లేదా వంపంతా ఒకేచోట పడుతూ ఉంటుంది. ఈ రెండూ మన చేతుల్లో ఉన్న విషయాలే. అందుకే మిగతా పనుల గురించి త్వరగా చెప్పేసి, ఈ రెండిటి దగ్గర మాత్రం ఆగి వివరంగా రాస్తున్నాను.

విల్లు పట్టుకున్నప్పుడు గురి వైపు ఉండేది వీపు, మీ వైపు ఉండేది పొట్ట. అల్లెతాడు లాగితే వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. నలిగే వైపు చెక్క కొంత ఓర్చుకుంటుంది, మహా అయితే కాస్త వంగి అలాగే ఉండిపోతుంది. సాగే వైపు అంత ఓపిక లేదు. అక్కడ నార తెగితే చీలిక లేస్తుంది, ఆ చీలిక లోపలికి దిగితే విల్లు రెండు ముక్కలవుతుంది. కాబట్టి తీసే చెక్కంతా పొట్ట నుంచి, పక్కల నుంచి తీయాలి. ఒకసారి సిద్ధమయ్యాక వీపు మీద కత్తి పెట్టకూడదు.

మొదటి విల్లుకు నేను చెప్పే కొలత ఇది: పొడవు 68 అంగుళాలు, మధ్యలో వంగని పిడి, దానికి రెండు పక్కలా వంగే, బల్లపరుపుగా ఉండే వెడల్పాటి రెక్కలు, 28 అంగుళాల లాగుడు, బరువు (అంటే అంత దూరం లాగడానికి పట్టే బలం) 35 నుంచి 40 పౌండ్లు. పొట్టి విల్లు చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పొడవు తగ్గేకొద్దీ అదే లాగుడుకు చెక్క మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదటిసారే ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

కర్ర ఎంపిక

యూ, ఓసేజ్ ఆరెంజ్, హికరీ, యాష్, ఎల్మ్, మేపుల్, మల్బరీ, బ్లాక్ లోకస్ట్ చెట్ల కర్రలు విల్లుకు బాగా పనికొస్తాయని ఎప్పుడో తేలిపోయింది. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో దొరికిన ఎల్మ్ విల్లు వయసు సుమారు 9,000 ఏళ్లు. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన ఓట్జీ అనే పురాతన మానవుడి దగ్గర ఉన్నది యూ కర్ర విల్లు. దాని పొడవు 1.82 మీటర్లు, పని ఇంకా పూర్తికాలేదు, చెక్కిన గుర్తులు ఇప్పటికీ దాని మీద కనిపిస్తాయి. విల్లు చేసేవాళ్లకు ఆ గుర్తులు చూస్తే ప్రాణం లేచొస్తుంది.

అయితే చెట్టు జాతి కన్నా ఆ ఒక్క కర్ర తీరు ముఖ్యం. ఓ మోస్తరు జాతి చెట్టు నుంచి వచ్చిన తిన్నని కర్ర, గొప్ప జాతి నుంచి వచ్చిన మెలితిరిగిన కర్ర కన్నా మేలు. చెట్టు నిలబడి ఉండగానే బెరడు చూడండి. బెరడు గీతలు నిలువుగా పైకి పోతుంటే లోపల నార కూడా తిన్నగా ఉంటుంది. అవి మాను చుట్టూ మెలికలు తిరుగుతుంటే లోపలా అంతే, ఆ చెట్టును వదిలేయండి. కొమ్మలు, ముడులు లేని 6 అడుగుల భాగం కావాలి. అడ్డకొలత 5, 6 అంగుళాలు ఉంటే నాలుగు బద్దలుగా చీల్చుకోవచ్చు. 3 అంగుళాల లేత మానైతే ఒక్క విల్లే వస్తుంది, పైగా దాని వీపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పని కొంచెం కష్టం. కొట్టే ముందు నేల యజమాని అనుమతి, అక్కడి అటవీ నిబంధనలు చూసుకోండి.

కొట్టడం, చీల్చడం, ఆరబెట్టడం

చెట్టు కొట్టిన రోజే రెండు కోత ముఖాలకూ చెక్క జిగురో, పాత పెయింటో దట్టంగా పూయండి. చెక్కలోని తడి చివరల నుంచే వేగంగా బయటికి పోతుంది. వాటిని మూయకపోతే ఒకట్రెండు రోజుల్లోనే కోత ముఖం నుంచి పగుళ్లు మొదలై లోపలికి పాకుతాయి. అలా పగిలిన మేర పొడవులో కోత పడినట్టే.

చీల్చేటప్పుడు రంపం వాడొద్దు. రంపం గీసిన గీత మీద పోతుంది, చీలిక నార వెంట పోతుంది. మనకు కావలసింది నార. ఒక చివర మధ్యలో చీల (ఇనుప వెడ్జ్) పెట్టి సుత్తితో కొట్టండి. పగులు పక్కకు సాగిన చోట రెండో చీల, ఆపైన మూడోది. మధ్యలో రెండు సగాలనూ పట్టి ఉంచే నారలుంటే చేగొడ్డలితో కోసేయండి. పగులు మెలిక తిరుగుతూ పోతే కర్ర తన గుణం చెప్పేసినట్టే.

పచ్చి కర్రను అలాగే ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. అంత ఓపిక అక్కర్లేని దారి ఉంది. బద్దను గొడ్డలితో విల్లు ఆకారానికి దగ్గరగా, అయితే అన్ని వైపులా ఇంకా ఉదారంగా చెక్క ఉంచి, పచ్చిగా ఉండగానే చెక్కేయండి. పచ్చి చెక్క మెత్తగా తెగుతుంది, పని సగం అవుతుంది. బెరడు తీసేసి ఉంటే వీపు మొత్తానికీ జిగురు పూయండి, లేకపోతే వీపే పగులుతుంది. తర్వాత ఒక తిన్నని చెక్కకు క్లాంపులతో బిగించి, ఎండ తగలని, గాలి ఆడే చోట పెట్టండి. ఇలా చేస్తే నెలా రెండు నెలల్లో పని మొదలుపెట్టవచ్చు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు. కొన్ని రోజులకోసారి తూచి బరువు ఆ బద్ద మీదే రాయండి. బరువు తగ్గడం ఆగిపోయాక, ఇంకొన్ని రోజులు అలాగే నిలిచి ఉంటే ఆ గది గాలికి తగ్గట్టు ఆరినట్టు. తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే విల్లుకు అనువు. తడి ఎక్కువుంటే విల్లు వంగి అలాగే ఉండిపోతుంది. మరీ ఎండబెడితే పెళుసెక్కి వీపు తెగుతుంది.

వీపు సిద్ధం చేయడం

హికరీ, యాష్, ఎల్మ్, మేపుల్ లాంటి తెల్ల చెక్కలకు ఇది సులువు. బెరడు కింద ఉండే మొదటి తలమే వీపు. వసంతంలో, వేసవి మొదట్లో కొట్టిన కర్రకు బెరడు పట్టుకుని లాగితే పట్టీలు పట్టీలుగా వచ్చేస్తుంది, కింద నున్నటి తడి చెక్క మెరుస్తూ కనిపిస్తుంది. దాన్ని గీరకుండా అలాగే ఉంచితే వీపు తయారైనట్టే. చలికాలంలో కొట్టినదైతే బెరడు అంటుకుని ఉంటుంది, మొద్దు కత్తితో నెమ్మదిగా గీకాలి.

ఓసేజ్, బ్లాక్ లోకస్ట్, మల్బరీ కర్రలకు మాత్రం చేవ (మాను లోపలి ముదురు చెక్క) చుట్టూ ఉన్న తెల్ల చెక్కను తీసేసి, చేవలోని ఒకే ఒక్క వార్షిక వలయాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా బయటపెట్టాలి. ఇది మొత్తం పనిలోకెల్లా నిదానం కోరే ఘట్టం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కూడా ఇదే.

కర్ర చివర ముఖం చూడండి. ప్రతి వలయంలో రెండు పొరలుంటాయి. వసంతంలో పెరిగింది సన్నని రంధ్రాలతో గుల్లగా ఉంటుంది, వేసవిలో పెరిగింది గట్టిగా, నున్నగా ఉంటుంది. మనకు వీపుగా కావలసింది ఆ గట్టి పొర. మందంగా ఉన్న ఒక వలయాన్ని ఎంచుకుని, చివర ముఖం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పైనున్న వలయాలను రెండు చివరలా పిడి ఉన్న డ్రా నైఫ్‌తో ఒక్కొక్కటిగా తీస్తూ రండి. మీరు ఎంచుకున్న వలయానికి పైనున్న గుల్ల పొర తగలగానే కత్తి కింద గరగరమని చప్పుడు మారుతుంది, చెక్క పొడిపొడిగా రాలుతుంది. అక్కడ డ్రా నైఫ్ పక్కన పెట్టి స్క్రేపర్ (పలచగా గీకే ఉక్కు రేకు) అందుకోండి. ఆ గరుకు పొర కిందనుంచి నున్నటి గట్టి పొర అంగుళం అంగుళం బయటపడుతుంది. దీపం పక్క నుంచి పడేలా పెట్టుకుంటే, గుల్ల పొర ఇంకా మిగిలిన చోట మసకగా, తీసేసిన చోట నిగనిగలాడుతూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. తొందరపడి గట్టి పొరను కోసేస్తే అతుకు వేయడం కుదరదు, కింది వలయానికి మొత్తంగా దిగాల్సిందే.

ముడి వస్తే వలయం దాని చుట్టూ చిన్న దిబ్బలా లేస్తుంది. చదును చేయాలనిపిస్తుంది, చేయొద్దు. వలయం ఎటు పోతే అటే పోయి, ముడిని దిబ్బగానే వదిలేయండి.

యూ కర్రకు ఈ శ్రమ లేదు. దాని తెల్ల చెక్క సాగడానికి బాగా తట్టుకుంటుంది కాబట్టి పలచని పొరగా వీపు మీద ఉంచేస్తారు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన యూ విల్లులన్నీ ఇలాంటివే. యూ పొడి విషపూరితం, మాస్క్ లేకుండా దాని మీద పని చేయకండి.

గీత గీసి ఆకారం తేవడం

వీపు మీద మధ్య గీత గీయండి. స్కేలు పెట్టి తిన్నగా గీయకండి, నార ఎలా పోతుందో దాని వెంటే చేత్తో గీయండి. కర్ర పక్కకు కొంచెం వంకర తిరిగితే గీతా తిరగాలి. స్కేలు గీత నారను అడ్డంగా కోస్తుంది, పక్క అంచున నార తెగిన చోటే చీలిక లేస్తుంది.

మధ్యలో 4 అంగుళాలు పిడి, వెడల్పు అంగుళంపావు. పిడికి రెండు వైపులా 2 అంగుళాల మేర రెక్క వెడల్పుకు వాలుగా కలపండి. రెక్క వెడల్పు తెల్ల చెక్కలకు 2 అంగుళాలు, ఓసేజ్, యూ లాంటి వాటికి ఒకటిన్నర సరిపోతుంది. సగం రెక్క దాకా అదే వెడల్పు ఉంచి, అక్కడి నుంచి చివర అర అంగుళానికి సన్నబడనివ్వండి. మందం పిడి పక్కన ముప్పావు అంగుళం, చివరలకు పోయేసరికి అర అంగుళం పైచిలుకు ఉండేలా పొట్ట వైపు చెక్కండి. పిడిని మాత్రం అంగుళంన్నర మందంగా వదిలేయండి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వెడల్పు సగం చేస్తే రెక్క బిగువు సగమవుతుంది. మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందంలో పదో వంతు తీసినా బిగువులో పావు వంతుకు పైగా పోతుంది. ఇక్కడి నుంచి గొడ్డలికి పని లేదు, ముతక ఆకురాయి, ఆపైన స్క్రేపర్.

మందం తగ్గుతుండగా విల్లు చివరను నేల మీద ఆనించి, పిడి దగ్గర పట్టుకుని రెక్కను నొక్కి చూస్తుండండి. మొదట కదలదు. కొంచెం కొంచెంగా తీస్తూ పోతే ఒకసారి చేతికి ‘వంగుతోంది’ అని తెలుస్తుంది. రెండు రెక్కలూ ఒకేలా వంగేదాకా ఇలా చేశాక చివరలకు అల్లెతాడు తగిలించే గాడులు కోయండి. చివర నుంచి అంగుళం కిందుగా, సన్నని గుండ్రటి ఆకురాయితో, రెండు పక్కలా, పొట్ట వైపుకు 45 డిగ్రీల వాలుతో. వీపు మీదకు గాడి రాకూడదు.

వంపు సరిచేయడం

విల్లు నిజంగా తయారయ్యేది ఇక్కడే. దీన్ని టిల్లరింగ్ అంటారు. గోడకు బిగించిన ఒక గట్టి చెక్క మీద విల్లు పిడిని ఆనించి, విల్లుకన్నా కొంచెం పొడవైన తాడు రెండు గాడులకూ తగిలించి, ఆ తాడును కింద ఒక కప్పీ గుండా లాగేలా ఏర్పాటు చేసుకోండి. అప్పుడు మీరు దూరంగా నిలబడి, లాగుతూ, వంపు ఎదురుగా చూడవచ్చు. విరిగితే ముక్కలు ఎగిరేది పైకి, పక్కలకు. కళ్లద్దాలు పెట్టుకోండి, విల్లుకు సూటిగా నిలబడకండి. తాడు మధ్యలో వేలాడే తూకం పెట్టుకుంటే ఎన్ని పౌండ్లు లాగుతున్నారో తెలుస్తుంది.

మొదట 5, 6 అంగుళాలే లాగండి. ఏది వంగుతోంది అని కాదు, ఏది వంగట్లేదు అని చూడాలి. కంటికి ముందు కనిపించేది ఎక్కువ వంగిన చోటే, చేయి అటే పోతుంది. అక్కడ ముట్టుకోకూడదు. వంగని చోట పొట్ట వైపు పెన్సిల్‌తో గీతలు గీసి, ఆ గీతలు పోయేదాకా మాత్రమే స్క్రేపర్‌తో గీకండి. తర్వాత విల్లును అదే దూరం ఇరవై ముప్పైసార్లు మెల్లగా లాగి వదలండి. చెక్క తీసిన ఫలితం వెంటనే కనిపించదు, రెక్క కాస్త కదిలాకే బయటపడుతుంది. ఇది చేయకుండా మళ్లీ గీకితే అవసరానికి మించి తీసేస్తారు.

బలహీనంగా ఉన్న చోటు తగిలితే అక్కడ చెక్క కలపలేం. దాని రెండు పక్కలా, అవతలి రెక్కలోనూ తగ్గించి మిగతా విల్లునే దాని స్థాయికి తేవాలి. విల్లు బరువు కొంత పోతుంది, పోనివ్వండి.

కంటికి అందని తేడాలు పట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. 5 అంగుళాల తిన్నని చెక్క ముక్క మధ్యలో రంధ్రం చేసి, అందులో పెన్సిల్ దూర్చండి. పెన్సిల్ మొన చెక్క తలం నుంచి వెంట్రుకవాసి బయటికి ఉండాలి. విల్లు వంగి ఉండగా ఈ ముక్కను పొట్ట వెంట జరపండి. పొట్ట గుంటగా వంగిన చోట పెన్సిల్ అందదు, వంగని చోట గీత పడుతుంది. ఎక్కడ గీకాలో విల్లే చెబుతుంది.

వంపు ఎలా ఉండాలంటే, పిడి పక్కన దాదాపు తిన్నగా మొదలై, రెక్క మధ్యలో నిండుగా వంగి, చివరి 6 అంగుళాలు కొంచెం బిగువుగా ఉండాలి. పిడి పక్కనే ఎక్కువ వంగితే లాగినప్పుడు చేతిలో కుదుపు వస్తుంది, ఆ చోట చెక్క త్వరగా అలిసిపోతుంది. 

అనుకున్న బరువుకు మించి ఎప్పుడూ లాగకండి. 40 పౌండ్ల విల్లు కావాలంటే, తూకం 40 చూపగానే, అప్పటికి లాగింది 12 అంగుళాలే అయినా, అక్కడే ఆగాలి. గీకాక అదే 40 దగ్గర ఇంకో అంగుళం ఎక్కువ వస్తుంది. ఇలా బరువు స్థిరంగా ఉంచి దూరం పెంచుకుంటూ 28 దాకా పోవాలి.

పొడవు తాడుతో రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయనిపించాక పొట్టి తాడుకు మారండి. మొదట అల్లెతాడుకు, పిడికి మధ్య 3 అంగుళాలే ఉండేలా ఎక్కుపెట్టండి. ఇక్కడ రెక్కల తేడా ఒక్కసారిగా బయటపడుతుంది, ఎందుకంటే పొడవు తాడు చాలా లోపాలు దాచేస్తుంది. సరిచేశాక 5, 6 అంగుళాలకు పెంచండి. కింది రెక్క పై రెక్క కన్నా కాస్త బిగువుగా ఉండనివ్వండి. రెక్క మొదట్లో అల్లెతాడుకు దూరం కొలిస్తే కింద పావు అంగుళం లోపు తక్కువ వస్తే చాలు.

పని మధ్య మధ్యలో వేలితో పొట్టను తడమండి. రెక్కకు అడ్డంగా సన్నని ముడత గోటికి తగిలితే చెక్క అక్కడ నలిగిపోయిందని అర్థం. ఆ విల్లు బరువు వెంటనే తగ్గించి, మిగతా రెక్కకు వంపు పంచండి. వీపు మీద సూది మొనంత చీలిక లేచినా అంతే, లాగడం ఆపేయండి. పల్చని సూపర్ గ్లూ ఇంకించి, దారంతో దగ్గరగా చుట్టి, జిగురు పట్టాక మాత్రమే ముందుకు పోవాలి.

27 అంగుళాల దగ్గర టిల్లరింగ్ ఆపేయండి. సాండ్ పేపర్ పనితో, మొదటి వంద బాణాలతో మిగిలిన అంగుళం దానంతట అదే వస్తుంది.

ముగింపు పనులు, అల్లెతాడు

అంచులన్నీ గుండ్రంగా చేయండి, వీపు వైపు అంచులు మరీను. పదునైన అంచు మీదే చీలికలు లేస్తాయి. 120 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 220 దాకా, నార వెంట మాత్రమే రుద్దండి. గాజు సీసా మెడతో గట్టిగా రుద్దితే తలం అణిగి మెరుస్తుంది. ఆపైన నూనె, మైనం, లేదా వార్నిష్ నాలుగైదు పూతలు. ఇది అందం కోసం కాదు, గాలిలోని తేమ చెక్కలోకి పోకుండా. పిడికి తోలు చుట్టుకోండి, బాణం ఆనే చోట చిన్న తోలు ముక్క అతికించండి.

అల్లెతాడుకు డాక్రాన్ బీ-50 దారం మంచిది. కొంచెం సాగుతుంది కాబట్టి చెక్క గాడుల మీద దెబ్బ తగ్గుతుంది. ఒక్కో పోగు 50 పౌండ్లు ఆపుతుంది, 40 పౌండ్ల విల్లుకు 12 పోగులు పేనితే దండిగా సరిపోతుంది. అసలు సాగని కొత్తరకం దారాలు గాడులను కోస్తాయి, వాటి జోలికి పోకండి. తాడు పొడవు గాడి నుంచి గాడికి ఉన్న దూరం కన్నా సుమారు 3 అంగుళాలు తక్కువగా ఉండాలి.

బాణం పెట్టకుండా లాగి వదలడం చెక్క విల్లుకు చేసే అతి పెద్ద ద్రోహం. బాణంలోకి పోవలసిన శక్తంతా రెక్కల్లోకే తిరిగి వస్తుంది. మరీ తేలిక బాణం కూడా కొంతవరకు అదే చేస్తుంది. పౌండుకు 10 గ్రెయిన్లు లెక్క, అంటే 40 పౌండ్ల విల్లుకు 400 గ్రెయిన్లు, సుమారు 26 గ్రాముల బాణం. మీ విల్లును మీకన్నా పొడవు చేతులున్నవాళ్లకు ఇచ్చేటప్పుడు 28 దాటి లాగొద్దని ముందే చెప్పండి.

బాణం వేసే ముందు నాలుగైదుసార్లు సగం దాకా లాగి రెక్కలను వదులు చేయండి. వేసిన వెంటనే అల్లెతాడు దించేయండి. దించగానే విల్లు తాడు వైపు కొంచెం వంగి కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అంగుళం అంగుళంన్నర వంపు మామూలే. తర్వాత కాసేపటికి అందులో కొంత సర్దుకుంటుంది. మూలన నిలబెట్టకండి, బరువంతా కింది చివర మీద పడుతుంది. రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి, లేదా పై గాడి దగ్గర తగిలించి వేలాడదీయండి. వేడి కారులో ఒక మధ్యాహ్నం వదిలేసినా చెక్కలోని తేమ మారిపోతుంది. అలాంటప్పుడు ఒకట్రెండు రోజులు మామూలు గదిలో ఉంచి, వీపంతా వేలితో తడిమి చూశాకే మళ్లీ ఎక్కుపెట్టండి.